ఆర్డర్లు వేసే ప్రోగ్రామ్‌కు ఏ భాష? పైథాన్, రస్ట్, గో భాషలతో చేసిన పని డైరీ

సొంత డబ్బుతో, చిన్న మొత్తంలో, ఇంట్లోంచి ఆటోమేటిక్ ట్రేడింగ్ ప్రోగ్రామ్ నడుపుకోవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ షేరు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది ఇందులో ఉండదు. ఒకే ప్రోగ్రామ్‌ను పైథాన్‌లో, రస్ట్‌లో, గోలో రాసినప్పుడు ఏది ఎక్కడ ఆగింది, కొలిస్తే ఎంత వచ్చింది, ఏం మార్చాం అన్నదే ఉంటుంది.

పని చేసింది ఇద్దరం. నేను వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లోని అడ్తీ (కమీషన్) దుకాణాలకు అకౌంట్స్ ప్రోగ్రాములు చేసిపెడతాను. పైథాన్ బాగా వచ్చు, మిగతావి అవసరం మేరకు. రెండోవాడు మా బామ్మర్ది. హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం, వారాంతాల్లో హనుమకొండ వస్తాడు. వాడికి రస్ట్ అంటే ప్రాణం.

దశ 0: పని హద్దులు

ప్రోగ్రామ్ చేయాల్సింది ఇంతే:

1. ఉదయం 9:15 నుంచి నిఫ్టీ 50 సూచీలోని షేర్ల ధరలు బ్రోకర్ ఫీడ్ (ఆగకుండా వచ్చే ధరల ప్రవాహం) నుంచి తీసుకోవాలి.
2. వాటితో ఐదు నిమిషాల క్యాండిళ్లు (ఆ ఐదు నిమిషాల మొదటి, గరిష్ఠ, కనిష్ఠ, చివరి ధరలు) కట్టాలి.
3. షరతు కలిస్తే ఒక ఆర్డరు, వెంటనే దానికి స్టాప్‌లాస్ (ధర ఇంతకు పడితే అమ్మేయమనే ఆర్డరు) వేయాలి.
4. 15:10కి చేతిలో ఉన్నవన్నీ అమ్మేయాలి.
5. జరిగినదంతా ఫైల్లో రాయాలి.

ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి పోలేదు. 2021–22 నుంచి 2023–24 దాకా మూడేళ్లలో ఆ సెగ్మెంట్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. మామూలు షేర్ల ఇంట్రాడే (అదే రోజు కొని అమ్మడం) కూడా మెరుగేం కాదు. 2022–23లో పది మందిలో ఏడుగురు పోగొట్టుకున్నవాళ్లే. అది తెలిసే దిగాం కాబట్టి పెట్టుబడి లక్ష దాటకూడదని ముందే రాసుకున్నాం.

భాష సంగతి కంటే ముందు చార్జీల లెక్క వేసుకోండి. లక్ష రూపాయల షేరు కొని అదే రోజు అమ్మితే మా బిల్లులో పడేది:

1. బ్రోకరేజీ, ఆర్డరుకు 20 చొప్పున: 40.00
2. ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), అమ్మకంపై 0.025 శాతం: 25.00 (మొత్తం 65.00)
3. ఎక్స్ఛేంజ్ చార్జీ, రెండు వైపులా 0.00297 శాతం: 5.94 (70.94)
4. స్టాంపు డ్యూటీ, కొనుగోలుపై 0.003 శాతం: 3.00 (73.94)
5. సెబీ ఫీజు, కోటికి 10 రూపాయలు: 0.20 (74.14)
6. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ చార్జీ, సెబీ ఫీజులపై జీఎస్టీ 18 శాతం: 8.31 (82.45)

అంటే షేరు 0.08 శాతం మనవైపు కదిలితే గానీ అసలు కూడా చేతికి రాదు. ఏ భాషలో రాసినా ఈ 82 రూపాయలు తగ్గవు.

దశ 1: టైం ఎక్కడ పోతోంది

భాష గురించి వాదన మొదలైంది వేగం దగ్గరే. "బావా, పైథాన్ స్లో. మనం ఆర్డర్ ఏసేసరికి రేటు ఎల్లిపోతది" అన్నాడు బామ్మర్ది. సరే, కొలుద్దాం అన్నాను.

సామాను: రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఇంటి ఫైబర్ కనెక్షన్, కేబుల్‌తో రౌటర్‌కు నేరుగా. వైఫై వద్దు. ఒకే గదిలో వైఫై మీద పింగ్ (కబురు వెళ్లి తిరిగొచ్చే టైం) 3 నుంచి 40 మిల్లీసెకన్ల దాకా ఊగింది, అలాంటి దాని మీద ఏ కొలతా నిలవదు.

కొలిచిన పద్ధతి:

1. ముంబైలోని బ్రోకర్ సర్వర్‌కు పింగ్ రోజంతా నడిపి మధ్యస్థ విలువ తీసుకున్నాం. సగటు తీసుకోలేదు. ఒక్క పెద్ద ఆలస్యం సగటును చెడగొడుతుంది.
2. ప్రోగ్రామ్ లోపల ధర అందిన క్షణం, ఆర్డర్ బయల్దేరిన క్షణం నానోసెకన్ గడియారంతో రాసుకున్నాం. ఇంటర్నెట్ నుంచి టైం సరిచేసుకునే మామూలు గడియారం ఇందుకు పనికిరాదు. మధ్యలో వెనక్కి జరిగితే ఆలస్యం మైనస్‌లో వస్తుంది.
3. ఆర్డర్ పంపినప్పటి నుంచి ఆర్డర్ నంబరు తిరిగొచ్చేదాకా ఒక కొలత, ఎక్స్ఛేంజ్ తీసుకున్నట్టు కబురు వచ్చేదాకా ఇంకో కొలత.

పైథాన్‌తో, మిల్లీసెకన్లలో:

ఫీడ్ ముంబై నుంచి ఇంటికి (పింగ్ 34లో సగం): 17
ధర అందాక ప్రోగ్రామ్ నిర్ణయం: 2.1 (మొత్తం 19.1)
ఆర్డర్ పంపి నంబరు అందుకోవడం: 96 (115.1)
ఎక్స్ఛేంజ్ నుంచి ఖరారు: 40 (155.1)

155లో భాష చేతిలో ఉన్నది 2. దీనికి తోడు, మనలాంటివాళ్లకు బ్రోకర్ పంపే ఫీడ్‌లో జరిగిన ప్రతి లావాదేవీ ఉండదు. కొంత కొంత సేపటికి తీసిన ఫొటోల లాంటివి వస్తాయి. మాకు ఒక్కో షేరుకు సెకనుకు ఒకటీ రెండూ వచ్చాయి. ఆ ఫొటో కోసం ఆగేదే వందల మిల్లీసెకన్లు.

ఎన్‌ఎస్‌ఈ ఎక్స్ఛేంజ్ డేటా సెంటర్లోనే సర్వర్ పెట్టుకున్న సంస్థల ఆట వేరు. అక్కడ లెక్క మైక్రోసెకన్లలో ఉంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో రాస్తారు, అదీ చాలక కొంత పనిని నేరుగా చిప్ మీదికి ఎక్కిస్తారు. అలాగని పెద్దవాళ్లంతా అదే వాడతారనీ కాదు. జేన్ స్ట్రీట్ అనే పెద్ద ట్రేడింగ్ సంస్థ పని దాదాపు అంతా ఓకామెల్ అనే భాషలో నడుస్తుంది. హనుమకొండలో ఫైబర్ మీద కూర్చున్నవాడికి వీళ్లెవరి లెక్కా వర్తించదు.

ఈ దశలో అన్నిటికంటే ఎక్కువ లాభం వచ్చింది కోడ్‌లో ఒక్క మార్పుతో. మొదట్లో ప్రతి ఆర్డరుకూ కొత్త కనెక్షన్ తెరుస్తోంది. అప్పుడు ఆర్డర్ నంబరు రావడానికి 171 పట్టేది. కనెక్షన్ కుదరడానికి ఒకసారి, టీఎల్ఎస్ (కబురును రహస్యంగా పంపే పద్ధతి) తాళాలు మార్చుకోవడానికి ఒకసారి ముంబై వెళ్లి రావాలి. రెండు 34లు, 68. తెరిచిన కనెక్షన్‌నే మళ్లీ మళ్లీ వాడేలా చేసి, అది మూసుకుపోకుండా మధ్యమధ్యలో చిన్న విన్నపం పంపితే 171 కాస్తా 96కు దిగింది. భాష మారిస్తే మిగిలేది 2, ఇక్కడ మిగిలింది 75.

డబ్బు లెక్క ఇప్పటికి: పై బోర్డు, అడాప్టర్, మెమరీ కార్డు 7,800. బోర్డుకూ రౌటర్‌కూ చిన్న యూపీఎస్ 1,900. మొత్తం 9,700.

దశ 2: పైథాన్

వేగం వల్ల కాదు గానీ, పైథాన్ వేరే చోట్ల ఆగింది. వరుసగా రాస్తాను.

మొదటిది: మధ్యాహ్నానికి నీరసం. వచ్చిన ప్రతి ధరనూ పాండాస్ (పైథాన్‌లో పట్టికల లైబ్రరీ) పట్టిక చివర ఒక వరుసగా చేర్చే పద్ధతి ఇంటర్నెట్‌లో చాలా ఉదాహరణల్లో ఉంటుంది. అలా ఒక వరుస చేర్చినప్పుడల్లా పట్టిక మొత్తాన్నీ కొత్తగా నకలు తీస్తుంది. 50 షేర్లు, సెకనుకు రెండేసి, 9:15 నుంచి 15:30 దాకా 22,500 సెకన్లు. అంటే రోజుకు 22.5 లక్షల వరుసలు. 9:30కి నిర్ణయానికి 4 మిల్లీసెకన్లు పట్టేది 10:40కి 300 దాటింది, 11 గంటలకు ప్రోగ్రామ్ పది సెకన్ల కిందటి ధరల మీద ఆలోచిస్తోంది. పట్టిక తీసేసి షేరుకొక చిన్న నిఘంటువు (డిక్షనరీ, పేరుతో విలువ దాచుకునే చోటు) పెట్టాం. అందులో నడుస్తున్న క్యాండిల్, దాని వెనక ఓ ముప్పై. అంతే. పైన రాసిన 2.1 ఈ మార్పు తర్వాతిది. పాండాస్‌ను సాయంత్రం విశ్లేషణకే ఉంచుకోండి.

రెండోది: పైసలు. పైథాన్‌లో 0.15ను 0.05తో భాగిస్తే 3 రాదు, 2.9999999999999996 వస్తుంది. ధరను టిక్ సైజుకు (ధర కదలగల కనీస మెట్టుకు) సర్దడానికి భాగించి, దశాంశం కోసేసి, మళ్లీ గుణిస్తే 3 బదులు 2 మిగులుతుంది. స్టాప్‌లాస్ ఒక టిక్ కిందికి జారుతుంది. గుణించాక తోకలో మిగిలే దశాంశాల వల్ల కొన్ని ఆర్డర్లు టిక్ సైజుకు సరిపోలేదని తిరిగొచ్చాయి. పైగా టిక్ సైజు అందరికీ 5 పైసలు కాదు. 2025 ఏప్రిల్ నుంచి ఎన్‌ఎస్‌ఈలో అది ధరను బట్టి ఉంటుంది: 250 రూపాయల లోపు షేరుకు 1 పైసా, 250 నుంచి 1,000 దాకా 5 పైసలు, వెయ్యి నుంచి 5,000 దాకా 10 పైసలు, 5,000 నుంచి 10,000 దాకా 50 పైసలు, ఆపైన ఇంకా పెద్దది. నెలనెలా సరిచూసి మారుస్తారు కూడా. కాబట్టి ఈ అంకెలు కోడ్‌లో రాయకండి. రోజూ ఉదయం బ్రోకర్ ఇచ్చే షేర్ల జాబితా ఫైల్లోంచి తీసుకోండి.

మార్పు:

1. ధరలన్నీ పైసల్లో, పూర్ణాంకాలుగా. 1,234 రూపాయల 50 పైసలంటే 1,23,450.
2. ఫీడ్ ప్యాకెట్‌లో ధర అసలే పైసల్లో వస్తుంది. బ్రోకర్ లైబ్రరీ దాన్ని 100తో భాగించి దశాంశంగా మార్చి మనకిస్తుంది. ఆ భాగహారం తీసేశాం.
3. రూపాయల్లోకి మార్చేది ఆర్డర్ పంపే చివరి వరుసలో మాత్రమే.

ఇది చేశాక కూడా ఎక్కడో ఒక చోట దశాంశం దూరుతూనే ఉంది. 0.995తో గుణిస్తే చాలు, పూర్ణాంకం కాస్తా దశాంశం అవుతుంది, పైథాన్ ఏమీ అనదు. ఇది గుర్తుంచుకోండి, గో దగ్గర మళ్లీ వస్తుంది.

మూడోది అసలు టెన్షన్ పెట్టింది. మధ్యాహ్నం ఒక ఆర్డరు సగమే కుదిరింది. 80 షేర్లు అడిగితే 35 దొరికాయి. సగం కుదిరినప్పుడు నడవాల్సిన కోడ్ అంతకుముందు ఎప్పుడూ నడవలేదు. అందులో ఒక పేరు పాతదే మిగిలిపోయి ఉంది. ఎర్రర్ వచ్చింది. కానీ అది ఫీడ్ లైబ్రరీ పిలిచే ఫంక్షన్ లోపల రావడంతో, లైబ్రరీ దాన్ని పట్టుకుని లాగ్‌లో ఒక వరుస రాసి ముందుకు సాగింది. ధరలు వస్తున్నాయి, తెరమీద అంకెలు కదులుతున్నాయి, పచ్చగా అంతా బాగున్నట్టే ఉంది. 35 షేర్లకు స్టాప్‌లాస్ మాత్రం పడలేదు. నేనప్పుడు మార్కెట్లో ఒక దుకాణం దగ్గర ఉన్నాను. ఫోన్లో బ్రోకర్ యాప్ తెరిస్తే పొజిషన్ (అమ్మకుండా ఉన్న షేర్లు) ఒంటరిగా కనిపించింది, చేత్తో అమ్మేశాను. నష్టం 61 రూపాయలు. అంకె చిన్నదే. ఆ రోజు షేరు అటూ ఇటూ పెద్దగా కదల్లేదు కాబట్టి చిన్నది.

ఏ పేరులో ఏ రకం విలువ ఉంటుందో చెప్పే టైపులు రాసి మైపై అనే పరీక్షా పనిముట్టు నడిపితే ఆ పాత పేరు ముందే దొరికేది. తర్వాత నడిపి చూశాం, దొరికింది. కానీ అది నడపాలని ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి.

నాలుగోది: కార్డు పాడైంది. కరెంటు పోయి వచ్చిన దెబ్బకు మెమరీ కార్డులో ఫైళ్లు చెదిరాయి. కొత్త కార్డులో అన్నీ మళ్లీ ఎక్కిస్తే నంపై అనే గణిత లైబ్రరీ కొత్త వెర్షన్, 2 మొదలైనది, వచ్చి కూర్చుంది. మేం వాడే పాత ఇండికేటర్ లైబ్రరీ నంపై 1 కోసం కంపైల్ అయినది. 9:05కి ప్రోగ్రామ్ మొదటి వరుసలోనే ఆగింది. ఆ రోజుకు సెలవు. తర్వాత చేసినవి: లైబ్రరీలన్నిటికీ వెర్షన్ నంబర్లు బిగించాం, మెమరీ కార్డు బదులు యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ పెట్టాం.

డబ్బు లెక్క: ఎస్ఎస్‌డీ 2,400. మొత్తం 12,100.

ఇక్కడ కొన్నాళ్లు ఖాళీ. మిర్చి సీజన్‌లో ఎనుమాములలో లారీలు క్యూ కడతాయి, అడ్తీల బిల్లులు చూసుకునేవాడికి షేర్లు చూసే తీరిక ఉండదు.

దశ 3: రస్ట్

బామ్మర్ది రాశాడు. క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో చెడిపోయినవి తక్కువ.

మా బ్రోకర్ పైథాన్‌కు, గోకు, జావాకు లైబ్రరీలు ఇస్తాడు, రస్ట్‌కు ఇవ్వడు. అందుకని ఫీడ్ ప్యాకెట్‌ను వాడే విప్పాడు. పూర్తి వివరాలతో ఒక్కో షేరుకు 184 బైట్లు, పెద్ద బైటు ముందు. కొనేవాళ్ల, అమ్మేవాళ్ల అయిదేసి వరుసలు చివర్లో ఉంటాయి. వాటిలో ఒక్కో వరుసకు 12 బైట్లు, అందులో 2 ఖాళీ. ఆ ఖాళీని లెక్కలోకి తీసుకోకపోతే రెండో వరుస నుంచి ధరలన్నీ పిచ్చి అంకెలు. ఇది సరిచేయడానికి ఒక ఆదివారం పోయింది.

కొలతలు: నిర్ణయానికి 0.04 మిల్లీసెకన్లు, మెమరీ 9 ఎంబీ (పైథాన్‌ది 210). 9:15కి ధరలు ఒక్కసారిగా కురిసినప్పుడు పైథాన్‌లో చెత్త ఎత్తే పనికి (వాడి వదిలేసిన మెమరీని ఖాళీ చేయడానికి) 48 మిల్లీసెకన్ల దాకా ఆగిన సందర్భం ఉంది, రస్ట్‌లో అలాంటిదేమీ లేదు. సగం కుదిరిన ఆర్డర్, రద్దయిన ఆర్డర్, తిరిగొచ్చిన ఆర్డర్, ఇలా ఏ ఒక్క స్థితికి జవాబు రాయకపోయినా కంపైలర్ ఒప్పుకోదు. దశ 2లో నన్ను పరిగెత్తించినది ఇక్కడ పుట్టదు. భాషగా చూస్తే మూడింట్లో ఇదే గట్టిది.

అయినా పక్కన పెట్టాం. బోర్డు మీద పూర్తి కంపైల్‌కు ఆరు నిమిషాలు పట్టింది. అది భరించొచ్చు, ల్యాప్‌టాప్‌లో చేసి పంపొచ్చు. భరించలేనిది వేరే. ఒక ఉదయం 9:20కి ఫీడ్ తెగి మళ్లీ కలవలేదు. వాడు షిఫ్ట్ ముగించుకుని నిద్రలో ఉన్నాడు. నేను కోడ్ తెరిచి చూస్తే లైఫ్‌టైములు, ఆర్క్‌లు, మ్యూటెక్స్‌లు. ఎక్కడ చెయ్యి పెట్టాలో అర్థం కాలేదు. ఆపేసి కూర్చున్నాను.

శనివారం వచ్చాక అదే మాట.

"నేర్చుకో బావా, నెల రోజుల్ల వస్తది."

"నువ్వు పండుకున్నప్పుడు ఇది ఆగితే చూసేది నేనే కదరా. ఇద్దరికీ చదవొచ్చేదాంట్ల రాద్దాం."

వాడికి నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. రస్ట్ కోడ్ అలాగే ఉంది, ఫీడ్ ప్యాకెట్లను సరిచూడటానికి వాడుతున్నాం.

దశ 4: గో

నాకు వారాంతాల్లో నేర్చుకుంటే వచ్చేంత చిన్న భాష, వాడికి విసుగు పుట్టించేంత చిన్న భాష. టైపులు ఉన్నాయి, బ్రోకర్ లైబ్రరీ ఉంది, కంపైల్ చేస్తే ఒకే ఒక్క ఫైలు వస్తుంది. దాన్ని కాపీ చేస్తే చాలు, నంపై లాంటి గొడవ ఉండదు. పైసా అని సొంత టైపు ఒకటి చేసుకున్నాం, లోపల 64 బిట్ల పూర్ణాంకం. ఇప్పుడు దాన్ని 0.995తో గుణించబోతే కంపైలరే ఆపుతుంది. గుణకాన్ని పదివేలల్లో రాసి (9,950), గుణించి, తర్వాత భాగించి టిక్‌కు సర్దాలి. రాయడానికి వికారంగా ఉంటుంది, తప్పు మాత్రం దూరదు.

నిర్ణయానికి 0.09 మిల్లీసెకన్లు. చెత్త ఎత్తేటప్పుడు గరిష్ఠంగా 1.6. మెమరీ 24 ఎంబీ.

గోలో ఆగిన చోట్లు:

1. క్యాండిళ్ల మ్యాప్‌లో (గోలో నిఘంటువు లాంటిది) ఒక గోరొటీన్ (పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) రాస్తుంటే ఇంకోటి చదివింది. గో దీన్ని సహించదు, ప్రోగ్రామ్ మొత్తం కూలిపోతుంది. మూగగా నడిచే పైథాన్ కంటే కూలడమే నయం అనిపించింది. అలాంటి ఢీలను పట్టే రేస్ డిటెక్టర్ పెట్టి నడిపితే ఏ వరుసలో ఏదో చూపించింది. తాళాలు వేయకుండా, మ్యాప్‌ను ఒకే గోరొటీన్ చేతికిచ్చి మిగతావి చానల్ ద్వారా అడిగేలా మార్చాం.

2. ఆర్డర్ జవాబు జేసన్ అనే టెక్స్ట్ రూపంలో వస్తుంది. టైపు చెప్పకుండా విప్పితే గో ప్రతి అంకెనూ దశాంశంగా తీసుకుంటుంది. ముందు గుమ్మంలోంచి తరిమిన దశాంశం ఇలా దొడ్డిదారిన వచ్చింది. జవాబు చదివే చోటే వందతో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి సర్ది, పైసాగా మార్చాకే లోపలికి రానిస్తున్నాం.

3. ఎర్రర్‌ను చూడకుండా అండర్‌స్కోర్‌తో పారేయడం. గో దీన్ని అనుమతిస్తుంది. రస్ట్‌లా పట్టుబట్టదు. ఎర్ర్‌చెక్ అనే పనిముట్టును కంపైల్‌తో పాటే నడిచేలా మేక్‌ఫైల్‌లో కట్టేశాం. అది ఒప్పుకోకపోతే ఫైలు తయారవదు.

4. టైమ్ జోన్. ఇది దశ 5లో.

భాషతో సంబంధం లేనిది ఇంకోటి ఇక్కడే బయటపడింది. ఆర్డర్ పంపాం, జవాబు రాలేదు, అయిదు సెకన్లకు టైమవుట్. ప్రోగ్రామ్ మళ్లీ పంపింది. మొదటిదీ చేరింది, రెండోదీ చేరింది. అడ్తీలో చిట్టీ చూడకుండా అదే బస్తాకు రెండోసారి కాంటా వేసినట్టు. ఇప్పుడు చేసే పద్ధతి:

1. పంపే ముందు ఆర్డరుకు సొంత ట్యాగ్ తయారు చేసి, దాన్ని డిస్క్ మీద రాయాలి.
2. ట్యాగ్‌తో ఆర్డర్ పంపాలి.
3. జవాబు రాకపోతే మళ్లీ పంపకూడదు. బ్రోకర్ ఆర్డర్ బుక్ తెప్పించి ఆ ట్యాగ్ ఉందేమో చూడాలి.
4. ఉంటే దాని నంబరు తీసుకోవాలి. లేకపోతే రెండు సెకన్లాగి మళ్లీ చూడాలి.
5. అప్పటికీ లేకపోతే ఆ అవకాశాన్ని వదిలేయాలి. కొత్త ఆర్డర్ వేయకూడదు.

ఐదోది బామ్మర్ది ఒప్పుకోలేదు. ఒక అవకాశం పోతే పోయేది వంద రూపాయలు, డబుల్ పడితే పోయేదెంతో చెప్పలేం అన్నాక ఊరుకున్నాడు.

దశ 5: ముంబైకి మార్పు

కారణాలు రెండు. ఒకటి ఎండ. మే నెలలో మా పై అంతస్తు గదిలో బోర్డు ఉష్ణోగ్రత 81 డిగ్రీలు చూపింది. పై 4 సుమారు 80 దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చిన్న ఫ్యాన్ పెడితే 66కు దిగింది, 450 రూపాయలు.

రెండోది తప్పించుకోలేనిది. రిటైల్ ట్రేడర్ల ఆల్గోల (ఆటోమేటిక్ ట్రేడింగ్ ప్రోగ్రాముల) మీద సెబీ 2025 ఫిబ్రవరి 4న సర్క్యులర్ ఇచ్చింది. ఏపీఐ (ప్రోగ్రామ్ బ్రోకర్‌తో మాట్లాడే దారి) ద్వారా వచ్చే ఆర్డర్లు ముందే నమోదు చేసిన స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్) నుంచే రావాలి. ఎక్స్ఛేంజీలు పెట్టిన సెకనుకు 10 ఆర్డర్ల హద్దు దాటితే ఆల్గోను ఎక్స్ఛేంజ్ దగ్గర నమోదు చేయించాలి. మా ప్రోగ్రామ్ రోజంతా కలిపినా పది దాటదు, కాబట్టి రెండోది మాకు తగలదు. అయినా ప్రోగ్రామ్ పిచ్చెక్కితే ఆపడానికి సెకనుకు 2, రోజుకు 30 అని సొంత గీత గీశాం. మా ఇంటి ఫైబర్‌లో ఐపీ రౌటర్ ఆపి వేస్తే మారిపోతుంది. స్టాటిక్ ఐపీ కోసం ఇంటికి అదనంగా కట్టేకంటే ముంబైలో చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుంటే ఐపీ దాంతోనే వస్తుందని లెక్క తేలింది. హైదరాబాద్‌లోనూ క్లౌడ్ కేంద్రాలున్నాయి, ఊరికి దగ్గర కూడా. కానీ ఆర్డర్ వెళ్లాల్సింది ముంబైకి, మన ఊరికి కాదు.

మారాక కొలతలు, మిల్లీసెకన్లలో:

ఫీడ్: 1
నిర్ణయం: 0.09 (మొత్తం 1.09)
ఆర్డర్ నంబరు: 63 (64.09)
ఖరారు: 24 (88.09)

155 నుంచి 88. ఇందులో భాష వల్ల వచ్చింది 2, చోటు వల్ల వచ్చింది 65.

ఇక్కడ ఆగినవి రెండు. క్లౌడ్ సర్వర్ గడియారం యూటీసీలో (మన టైం కంటే అయిదున్నర గంటలు వెనక) ఉంటుంది. 15:10కి అన్నీ అమ్మాలన్న వరుస సర్వర్ టైం చూసింది. యూటీసీలో 15:10 అంటే మనకు రాత్రి 8:40. ఉత్తుత్తి ఆర్డర్లతో నడిపే రోజుల్లోనే కనిపించింది కాబట్టి సరిపోయింది. నిజం ఆర్డరయితే బ్రోకరే అమ్మేసి దానికి వేరే చార్జీ వేస్తాడు. ఆసియా/కోల్‌కతా టైమ్ జోన్ పేరుతో అడిగేలా మారిస్తే, ఆ చిన్న సర్వర్ ఇమేజ్‌లో టైమ్ జోన్ల ఫైలే లేదని ఎర్రర్. గోలో టైమ్ జోన్ల సమాచారాన్ని ప్రోగ్రామ్‌లోనే కలిపేసే ప్యాకేజీ ఉంది, 1.15 వెర్షన్ నుంచి. దాన్ని కలిపితే ఫైలు సైజు మరో 450 కేబీ దాకా పెరిగింది, గొడవ తీరింది.

రెండోది గాలిదుమారం తెచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ అయిపోయి, ఇంట్లో బోర్డు ఆరిపోయింది. కరెంటు రాగానే బోర్డు లేచింది, దాంట్లోని పాత ప్రోగ్రామ్ కూడా లేచింది. ముంబైలో కొత్తది నడుస్తూనే ఉంది. స్టాటిక్ ఐపీ నిబంధన మా అకౌంట్‌కు అప్పటికి ఇంకా అమలు కాలేదు, రెండు చోట్ల నుంచీ ఆర్డర్లు వెళ్లాయి. అనుకున్న దానికి రెట్టింపు షేర్లు చేతికొచ్చాయి. అదృష్టవశాత్తూ 140 రూపాయల లాభంతో బయటపడ్డాం, అది లాభాల లెక్కలో రాయలేదు.

ఇలాంటిదే పెద్దగా జరిగితే ఎలా ఉంటుందో చూడాలంటే నైట్ క్యాపిటల్ ఉంది. 2012 ఆగస్టు 1న అమెరికాలో ఆ సంస్థ ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ ఎక్కించింది, ఒకదానికి ఎక్కలేదు. దాంట్లో ఏళ్ల కిందట వాడటం మానేసిన కోడ్ మేల్కొంది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అక్కడ భాష ఏదైనా ఫలితం అదే.

మార్పు:

1. ఇంటి బోర్డు నుంచి ఆర్డర్లు వేసే ప్రోగ్రామ్‌ను తీసేశాం. ఆపడం కాదు, చెరిపేశాం. ఏపీఐ కీ కూడా తీసేశాం.
2. ప్రోగ్రామ్ లేవగానే బ్రోకర్ దగ్గర పొజిషన్లు, పెండింగ్ ఆర్డర్లు తెప్పించి తన ఫైలుతో పోలుస్తుంది. తేడా ఉంటే ఆర్డర్లు వేయదు, ఫోన్‌కు మెసేజ్ పంపి కూర్చుంటుంది.
3. రోజు నష్టం 1,500 దాటితే ఉన్నవి అమ్మి, ఆ రోజుకు తాళం.
4. లాగిన్ రోజూ ఉదయం చేత్తోనే. సెషన్ ఎలాగూ ఏ రోజుకారోజు ముగుస్తుంది, దాన్ని దొంగదారిన ఆటోమేట్ చేయలేదు.

డబ్బు లెక్క: ఫ్యాన్ 450, మొత్తం 12,550. ఇది ఒకసారి పెట్టేది. నెలనెలా సర్వర్ 900, ఏపీఐ 500, కలిపి 1,400.

దశ 6: ఇప్పుడున్న స్థితి

ఆర్డర్లు గోలో, విశ్లేషణ పైథాన్‌లో. ఒక నెల లెక్క ఇలా ఉంది: చార్జీలకు ముందు లాభం 2,310. చార్జీలు 3,380. సర్వర్, ఏపీఐ 1,400. నికరం మైనస్ 2,470. మూడు భాషల్లో దేంట్లో రాసినా ఇదే అంకె వచ్చేది. ట్రేడ్లు తగ్గించాలి, లక్షకు 82 అన్నది దాటేంత కదలిక ఉన్నప్పుడే వేయాలి. ఆ వడపోత కోసం పాత ధరల మీద పరీక్ష మొదలెడితే కొత్త చిక్కు.

బ్రోకర్ ఇచ్చే పాత క్యాండిళ్లకూ, గో ప్రోగ్రామ్ ఫీడ్ నుంచి కట్టిన క్యాండిళ్లకూ పొంతన లేదు. ఏడింట ఒక క్యాండిల్‌లో గరిష్ఠ ధర తేడా. 9:15 క్యాండిల్‌లో అయితే సగానికి సగం. మా ఫీడ్‌లో వచ్చేవి ఫొటోలు కాబట్టి, రెండు ఫొటోల మధ్య తాకి వెనక్కి వచ్చిన ధర మాకు కనపడదు, పాత క్యాండిల్‌లో మాత్రం ఉంటుంది. పాత క్యాండిళ్ల మీద పరీక్షిస్తే, నిజంగా ఎప్పటికీ పడని ఆర్డర్లకు కూడా లాభం లెక్కకడుతుంది.

అందుకని సొంతంగా దాచుకోవడం మొదలెట్టాం. ఒక్కో ధరకు 16 బైట్లు: టైం, షేరు నంబరు, ధర పైసల్లో. రోజుకు 36 ఎంబీ, నొక్కి కుదిస్తే 9. రాత్రి పదికి ముంబై నుంచి ఇంటి బోర్డుకు దిగుతుంది. కీ తీసేశాక ఆ బోర్డుకు మిగిలిన పని ఇదే. ఆరు నెలల ధరలు పోగయ్యాక పైథాన్‌లో పరీక్ష, అప్పటిదాకా ట్రేడుకు లక్ష బదులు పదివేలు. అంత చిన్న ట్రేడులో బ్రోకరేజీ 20 కాదు, 0.03 శాతం లెక్కన వైపుకు 3 పడుతుంది. జీఎస్టీ 1.19, మిగతావి పదో వంతు. అన్నీ కలిపి ట్రేడుకు 10.60.